మిన్నెసోటా బావకి సంక్రాంతి కానుక: ఐస్ ఫిషింగ్ సామాను ఏం కొనాలి?

డాలస్_బామ్మర్ది:

అందరికీ నమస్కారం. చేపల గురించి నాకు తెలిసింది ప్లేట్లోకి వచ్చాక ముల్లు తీసుకోవడం వరకే, అందుకే ఇక్కడ అడుగుతున్నా. మా అక్కా బావా మూడేళ్లుగా మినియాపోలిస్ పక్కన ఉంటున్నారు. డిసెంబర్లో ఆఫీసు స్నేహితుడు ఒకాయన బావని గడ్డకట్టిన చెరువు మీదికి తీసుకెళ్లి, మంచుకి బొక్క పెట్టి, అందులోంచి చేపలు పట్టించాడట. అంతే, అప్పట్నుంచి ఫోన్ చేస్తే అదే కబురు. బావది భీమవరం దగ్గర పల్లెటూరు, చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి పంట కాలవలో గాలం వేసిన మనిషి, ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ చేతిలో దారం లాగిందట, ఆ ఆనందం అంతా ఇంతా కాదు.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి, "పండక్కి అల్లుడికి మేం ఏమీ పెట్టలేకపోతున్నాం, నువ్వైనా ఏదన్నా కొని పంపరా" అంది. బట్టలు పంపితే నేరుగా అల్మారాలోకే పోతాయి. అందుకని ఈ ఐస్ ఫిషింగ్ సామానే పంపుదామనుకున్నా. బడ్జెట్ 250 డాలర్లు, మరీ అవసరమైతే 300. ఆన్‌లైన్లో ఎర్ర టెంట్ ఒకటి 220కి కనిపించింది, నలుగురు కూర్చోవచ్చట, ఫొటోలో పెళ్లిపందిరిలా ఉంది. బ్యాటరీతో తిరిగే బొక్కల మిషన్ బాగుంది గానీ ధర చూసి మూసేశా. టెంటే కొనేయనా? సర్‌ప్రైజ్ కాబట్టి బావని అడగలేను. ఇంకోటి, అక్కకి ఇదంతా భయం. "ఆ మంచు పగిలితేనో" అని ఒకటే టెన్షన్ పడుతోంది, వాళ్ల బాబుకి ఆరేళ్లు, వాడు కూడా నాన్నతో వెళ్తానని గొడవ.

పదిహేనో_చలికాలం:

తమ్ముడూ, టెంట్ కొనకు. నేను మిన్నెసోటా వచ్చి ఇది పదిహేనో చలికాలం, నా గ్యారేజీలో అలాంటి ఎర్ర టెంటే ఒకటి ఏడేళ్లుగా పడుకుని ఉంది. మడిచినా దాదాపు మనిషంత పొడుగుంటుంది, అది లాక్కెళ్లడానికి స్లెడ్ కావాలి, గాలికి ఎగిరిపోకుండా మంచులోకి మేకులు దింపాలి, ఆ మేకులు దింపడానికి డ్రిల్ కావాలి. మీ బావగారు ఒక్కసారి వెళ్లొచ్చారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఇప్పుడే టెంట్ ఎందుకు? తీసుకెళ్లిన స్నేహితుడికి టెంట్ ఎలాగూ ఉండే ఉంటుంది, ఈ సీజన్ అందులోనే కూర్చుంటారు.

ముందు మీ అక్కయ్యకి ఫోన్ చేసి రెండు విషయాలు కనుక్కో. ఒకటి, బావగారి బూట్ల సైజు. రెండు, ఆ స్నేహితుడి దగ్గర ఏమున్నాయో, బావగారికి ఏం అరువిచ్చాడో. అరువు దొరికేదాని మీద నీ డబ్బు పెట్టకు.

ఆ తర్వాత మొట్టమొదట కొనాల్సింది మంచు పగిలితే పనికొచ్చేది, చేపలు తర్వాత. ఐస్ పిక్స్ అంటారు, రెండు పిడులు, ఒక్కోదాని చివర మేకు, మధ్యలో తాడు. మహా అయితే పది డాలర్లు. నీళ్లలో పడితే మంచు అంచు మీద చేతులు జారిపోతాయి, పట్టుకోడానికి ఏమీ ఉండదు, ఈ మేకులు గుచ్చి ఒంటిని పైకి లాక్కోవాలి. కోటు పైన తాయెత్తులా మెడలో వేసుకుంటేనే లాభం, బ్యాగులో పెడితే లేనట్టే. రెండోది బూట్లకి తొడుక్కునే ముళ్ల రబ్బర్లు, క్లీట్స్. మంచు పగిలి మునిగినవాళ్ల కంటే జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నవాళ్లే నాకు ఎక్కువమంది తెలుసు.

మీ అక్కయ్య భయం వట్టిది కాదు, అలాగని పండగపూట ఏడిపించేంతది కూడా కాదు. మా రాష్ట్ర డీఎన్ఆర్ (సహజ వనరుల శాఖ) లెక్క ప్రకారం కొత్తగా కట్టిన గట్టి మంచు 4 అంగుళాలు ఉంటే మనిషి నడవొచ్చు, అంతకంటే తక్కువైతే దాని మీద అడుగు పెట్టొద్దు. అది కూడా అద్దంలా నల్లగా కనిపించే మంచుకి. పాలలా తెల్లగా ఉంటే అందులో గాలీ స్నోవూ కలిసినట్టు, బలం సగమే, కాబట్టి మందం రెట్టింపు ఉండాలి. జనవరి మధ్యకి ఇక్కడి చెరువుల మీద మామూలుగా అడుగు దాకా ఉంటుంది, కార్లే వెళ్తుంటాయి. కానీ ఒకే చెరువులో ఒక చోట అడుగుంటే, వాగు వచ్చి కలిసే చోట, వంతెన కింద, రెండంగుళాలే ఉండొచ్చు. అందుకే మేం చేతిలో గునపం పట్టుకుని (ఇక్కడ స్పడ్ బార్ అంటారు, మన గునపమే, చివర ఉలిలా ఉంటుంది) రెండడుగులకోసారి ముందు పొడుచుకుంటూ నడుస్తాం. ఒక్క పోటుకే దిగిపోయిందా, వచ్చిన దారినే వెనక్కి. గునపం పోస్టులో పంపితే సామాను ధర కంటే పోస్టు ఖర్చే ఎక్కువవుతుంది, అది ఆ స్నేహితుడి దగ్గరే ఉంటుందిలే.

ఆ తర్వాత ఆగర్, అంటే మంచుకి బొక్క పెట్టే, చేత్తో తిప్పే బర్మా. మోరా వాళ్లదో ఇంకెవరిదో, 6 అంగుళాలది, అరవై డెబ్బై డాలర్లలో వస్తుంది. బ్లేడు మీద ప్లాస్టిక్ తొడుగు ఉందో లేదో చూడు. అది కత్తి కాదు తమ్ముడూ, మంగలి కత్తి. తొడుగు లేకుండా కారు డిక్కీలో పడేస్తే డిక్కీకీ ప్రమాదమే, వేళ్లకీ ప్రమాదమే.

పులుసు_రాజా:

పెద్దన్న మాట కాదనను గానీ, ఒక్క విషయంలో మాత్రం ఒప్పుకోను. మొదటి చలికాలం నేను నాలుగు శనివారాలు బొక్క ముందు బకెట్ మీద కూర్చుని, కింద చేప ఉందో లేదో తెలీక, ఉన్నా తింటుందో లేదో తెలీక, చివరికి ఫోన్లో సినిమా చూసుకుని ఇంటికొచ్చేవాణ్ణి. ఐదో వారం మా టీమ్ లీడ్ తన ఫ్లాషర్ ఇచ్చాడు. అంతే, కళ్లు వచ్చినట్టయింది.

ఫ్లాషర్ అంటే చిన్న సోనార్, శబ్దం పంపి నీళ్లలో ఏముందో చూపించే మిషన్. గుండ్రటి డయల్ ఉంటుంది, గడియారంలా. నీళ్ల అడుగు మందంగా ఎర్ర గీతలా కనిపిస్తుంది. నీ గాలం పైన సన్నటి ఆకుపచ్చ గీత. నువ్వు దారం కదిపితే ఆ గీత కదులుతుంది. కాసేపటికి అడుగు నుంచి ఇంకో గీత పైకి లేస్తుంది చూడు, అదీ చేప! నీ గీత దగ్గరికొచ్చి ఆగుతుంది, ఆలోచిస్తుంది, నువ్వు కొంచెం పైకి లాగితే వెంట పడుతుంది, ఎక్కువ కదిపితే పారిపోతుంది. చలికాలం చెరువు అడుగున నీళ్లు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటాయి, నీళ్లు అన్నిటికంటే బరువెక్కేది ఆ వేడి దగ్గరే కాబట్టి అవి అడుగుకి చేరతాయి, ఆ చల్లదనానికి చేపలు బద్ధకంగా ఉంటాయి, ఎర నోటి దగ్గరికి వెళ్తే తప్ప కదలవు. మరి నోరు ఎక్కడుందో తెలియాలి కదా? వెక్సిలార్ అని మన మిన్నెసోటా కంపెనీదే ఉంది, సెకండ్ హ్యాండ్‌లో చూడమనండి. నేనైతే డబ్బంతా దాని మీదే పెడతా.

పదిహేనో_చలికాలం:

రాజా, నువ్వు చెప్పింది నిజమే, ఫ్లాషర్ లేకుండా నేనూ వెళ్లను. కానీ కొత్తది మూడొందల పైమాటే. సెకండ్ హ్యాండ్‌ది ఈ అబ్బాయి డాలస్‌లో కూర్చుని ఎలా చూసి కొంటాడు? అందులో బ్యాటరీ చలికి చచ్చిపోయి ఉంటే పండగ కానుక కాస్తా మూలన పడుతుంది. ఫ్లాషర్ మీ బావగారు వచ్చే ఏడాది తన డబ్బుతో, తనకి నచ్చింది కొనుక్కుంటారు. ఆ ముచ్చట కూడా మనమే లాక్కుంటే ఎలా.

డాలస్_బామ్మర్ది:

ఇంతమంది ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు, థాంక్స్ అన్నా. టెంట్ కార్ట్‌లోంచి తీసేశా. అక్కకి ఫోన్ చేశా, స్నేహితుడికి టెంట్, ఫ్లాషర్, గునపం, హీటర్ అన్నీ ఉన్నాయట, మొన్న బావకి ఒక గాలం కర్ర ఇచ్చాడట, దాని చివర విరిగి టేపు చుట్టి ఉందట. ఒక అనుమానం. 6 అంగుళాల బొక్క అంటే సాసర్ అంత కదా, పెద్ద చేప పడితే ఎలా వస్తుంది? 8 అంగుళాలది పదిహేను డాలర్లే ఎక్కువ, అది తీసుకోనా? ఇంకా ఆ గాలం కర్రలు ఏ సైజువి కొనాలి, రెండున్నర అడుగులవే కనిపిస్తున్నాయి, పిల్లల బొమ్మల్లా ఉన్నాయేంటి?

పదిహేనో_చలికాలం:

బొమ్మలు కావు, అవే అసలైనవి. బొక్క ముందు కూర్చుని పట్టాలి కదా, ఆరడుగుల కర్ర అయితే చేపని బొక్క దాకా తెచ్చి నువ్వు వెనక్కి ఎక్కడికో నడవాలి. రెండు కొను. ఒకటి 26 అంగుళాల అల్ట్రాలైట్, 3 పౌన్ల దారంతో (అంత బరువు దాకా తెగనిదని), అది సన్‌ఫిష్, క్రాపీ లాంటి చిన్న చేపలకి. ఇంకోటి 30 అంగుళాల మీడియం లైట్, 6 పౌన్ల దారంతో, వాలై చేపలకి. మిన్నెసోటాలో మంచు మీద ఒక్కొక్కరు రెండు గాలాలు వేయొచ్చు, ఎండాకాలం మాత్రం ఒక్కటే, కాబట్టి రెండో కర్ర వృథా పోదు. దారం మామూలు మోనో (ఒంటిపోగు నైలాన్) చాలు. అల్లిన దారం నీళ్లు పీల్చుకుని గడ్డకట్టి తీగలా బిగుసుకుపోతుంది. ఎంత మంచి దారమైనా కర్ర చివర రింగులకి మంచు పడుతూనే ఉంటుంది, పది నిమిషాలకోసారి నోట్లో పెట్టుకుని కరిగించేవాళ్లని చూస్తావు, నవ్వకు, నేనూ అంతే.

ఇక బొక్క సంగతి. 6 నుంచి 8కి వెళ్తే రెండంగుళాలే అనిపిస్తుంది గానీ తవ్వాల్సిన మంచు దాదాపు 1.8 రెట్లు అవుతుంది, లెక్క వేసుకో, 36 ఎక్కడ 64 ఎక్కడ. బ్యాటరీ మిషన్ అయితే పర్లేదు, చేత్తో తిప్పేవాడికి రెండో బొక్కకే భుజం దిగిపోతుంది. చేప ఒక చోట దొరక్కపోతే ఇంకో చోట బొక్క పెట్టాలి, అందులోనే ఆట అంతా ఉంది, పది బొక్కలు పెట్టినవాడికి ఒకటి పెట్టినవాడి కంటే ఎక్కువ పడతాయి. ఆరంగుళాల్లోంచి మామూలు వాలై హాయిగా వస్తుంది. ఏ నలభై అంగుళాల పైక్ చేపో పడి ఇరుక్కుంటే ఆ కథ మీ బావగారు జీవితాంతం చెప్పుకుంటారు, నష్టమేముంది.

మర్చిపోయా, చిల్లుల గరిటె ఒకటి. బొక్కలో తేలే మంచు ముక్కలు తీయడానికి స్కిమ్మర్ అని అమ్ముతారు, ఏడెనిమిది డాలర్లు. మొదటి ఏడాది నేను మా ఆవిడ బూరెలు తీసే గరిటె పట్టుకెళ్లి బొక్కలో జారవిడిచా, అది ఇప్పటికీ ఆ చెరువు అడుగునే ఉంది. ఈ విషయం మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

ఫ్రిజ్_ఓనర్:

నేను చేపలు పట్టను, పట్టేవాడిని కట్టుకున్నాను. మగవాళ్లందరూ కర్రలూ మిషన్లూ అంటున్నారు, ఎర గురించి ఒక్కరూ మాట్లాడరేం? బాబూ, మీ అక్కగారి తరఫున చెబుతున్నా విను. ఈ చేపలకి వ్యాక్స్ వార్మ్స్ అని తెల్లగా బొద్దుగా ఉండే పురుగులు పెడతారు, తేనెపట్టుల్లో మైనం తినే చిమ్మట పిల్లలు అవి. చిన్న ప్లాస్టిక్ కప్పులో రంపపు పొట్టు వేసి అమ్ముతారు. చల్లగా ఉంచాలట. ఎక్కడ ఉంచుతారు? నా ఫ్రిజ్‌లో! దోసెల పిండి గిన్నె పక్కన! మా అత్తగారు ఇండియా నుంచి వచ్చిన మూడో రోజు పెరుగు కప్పు అనుకుని మూత తీశారు. ఆవిడ ఆ పూట అన్నం తినలేదు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అందుకని నీ లిస్టులో పన్నెండు డాలర్లు పక్కన పెట్టి, గట్టిగా మూత పడే, లోపల కనపడని చిన్న డబ్బా ఒకటి కొను, దాని మీద మార్కర్‌తో "ఎర" అని తెలుగులో రాయించు. ఎవరు కొన్న కానుకైనా ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకుంటేనే చెల్లుతుంది.

ఇంకోటి, ఇది జోక్ కాదు. ఆ స్నేహితుడి టెంట్లో గ్యాస్ హీటర్ ఉందన్నావు. మూసిన టెంట్లో అది వెలిగితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, వాసన ఉండదు, తలనొప్పి వచ్చి నిద్రమత్తుగా ఉంటుంది, చలికి అలా ఉందిలే అనుకుంటారు. టెంట్‌కి ఉన్న గాలి కిటికీలు తెరిచి ఉంచమను, బ్యాటరీతో పనిచేసే అలారం ఒకటి లోపల వేలాడదీయమను. మా ఆయన మొదట్లో "చలి వస్తుంది కదా" అని మూసేవాడు. అలారం ఒకసారి కుయ్యోమన్నాక ఇప్పుడు చెప్పకుండానే తెరుస్తున్నాడు.

విన్నిపెగ్_వాసి:

కెనడా నుంచి నా రెండు ముక్కలు. అందరూ చేతికి పట్టేవి చెప్పారు, నేను కాళ్ల గురించి చెబుతా, ఎందుకంటే మొదటి ఏడాది నా ఎడమ కాలి బొటనవేలు పోయినంత పనైంది. మైనస్ 25 సెల్సియస్‌లో ఆరు గంటలు, బూట్లు మంచివే, కానీ రెండు జతల ఊలు మేజోళ్లు కుక్కి బిగుతుగా వేసుకున్నా. బిగుతుగా ఉంటే రక్తం ఆడదు, లోపల గాలి ఉండదు, ఆ గాలే కదా వెచ్చదనం పట్టి ఉంచేది. కాబట్టి బూట్లు కొంటే ఒక సైజు పెద్దవి కొను, ఒక్క మందపాటి జతకి సరిపోయేలా. కాళ్ల కింద వేసుకోడానికి పాత యోగా మ్యాట్ ముక్క చాలు, మంచు మీద నేరుగా పాదం పెట్టి కూర్చుంటే ఎంత బూటైనా లొంగిపోతుంది.

ఐస్ పిక్స్ విషయంలో పెద్దన్న మాటకి నేను సాక్షిని. నాలుగేళ్ల క్రితం మార్చి చివర్లో, సీజన్ అయిపోవస్తోంది, ఆఖరిసారి అని వెళ్లాం. వాగు కలిసే చోటికి దగ్గరగా వెళ్తే చేపలు బాగా పడతాయని నాకే దురద. ముందు చప్పుడు కూడా రాలేదు. జనం భయపడేది చప్పుడుకి, నిజానికి జనవరిలో మంచు రాత్రంతా ఉరిమినట్టు మోగుతుంది, అది మంచు సాగి కుంచించుకునే చప్పుడు, దానికి భయపడక్కర్లేదు. నాకు మాత్రం తడి బిస్కెట్ మీద కాలేసినట్టు మెత్తగా దిగిపోయింది, తొడ దాకా ఒక కాలు, పొట్ట మంచు మీద. పిక్స్ ఎక్కడున్నాయి? వెనక స్లెడ్ మీద బ్యాగులో, ప్యాకెట్ కూడా విప్పలేదు. స్నేహితుడు తాడు విసిరి లాగాడు. కారు దాకా పావుగంట నడిచేసరికి ప్యాంటు అప్పడంలా బిగిసిపోయింది, మోకాలు వంగలేదు.

మా మానిటోబా యూనివర్సిటీలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అని ఒక ప్రొఫెసర్ పనిచేశారు, తనే మంచునీళ్లలోకి దిగి పరిశోధనలు చేసిన మనిషి. ఆయన చెప్పే లెక్క 1-10-1. నీళ్లలో పడగానే మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకో, అప్పుడు ఆయాసం తన్నుకొస్తుంది, నీళ్లు మింగకూడదు. తర్వాత 10 నిమిషాలు చేతులు కాళ్లు నీ మాట వింటాయి, బయటికి రావడానికి అదే టైమ్. స్పృహ తప్పేది మాత్రం దాదాపు 1 గంటకి. అంటే పడగానే చచ్చిపోతామని చేతులెత్తేయక్కర్లేదు. బయటికొచ్చాక నిలబడకూడదు, దొర్లుకుంటూ వచ్చిన దారిలోనే వెనక్కి పోవాలి. ఇది మీ బావగారితో పాటు అక్కగారికి కూడా చెప్పండి, సగం భయం తెలీకపోవడం వల్లే.

పులుసు_రాజా:

సరే, ఫ్లాషర్ కేసులో ఓడిపోయా. ఒక్క చిన్న కోరిక, జిగ్స్ (బరువు అతికించిన చిన్న కొక్కేలు) మాత్రం టంగ్‌స్టన్‌వి కొనండి. సీసం కంటే బరువు ఎక్కువ, అందుకని గింజంత ఉన్నా గబగబా అడుగుకి దిగుతుంది. ఒక్కోటి నాలుగైదు డాలర్లు ఉంటుంది, నాలుగు చాలు, మూడు పోగొట్టుకునే లోపు నేర్చుకుంటారు. పండగ టైమ్‌కే ఇంకో మంచి సంగతి ఉంది. జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ డే వీకెండ్‌కి మిన్నెసోటాలో పిల్లల ఐస్ ఫిషింగ్ వీకెండ్ పెడతారు. 15 ఏళ్లు, అంతకంటే తక్కువ ఉన్న పిల్లల్ని వెంట తీసుకెళ్తే ఇక్కడ ఉండే పెద్దవాళ్లకి ఆ మూడు రోజులు లైసెన్సు అక్కర్లేదు. పిల్లలకైతే 16 వచ్చేదాకా ఎలాగూ అక్కర్లేదు. సంక్రాంతికి అటూ ఇటూగానే వస్తుంది, మేనల్లుడి గొడవ కూడా తీరుతుంది.

దొరికినవాటిలో క్రాపీని పసుపు, కారం, బియ్యప్పిండి పట్టించి వేయించమనండి, పులుసుకి అది మెత్తగా విడిపోతుంది. నార్తర్న్ పైక్ పడితే మాత్రం పులుసే. ముళ్లు వై అక్షరంలా చీలి ఉంటాయి, ఇక్కడివాళ్లు విసుక్కుని వదిలేస్తారు. గోదావరి జిల్లాల నాలుకకి ఆ ముళ్లు ఒక లెక్కా?

డాలస్_బామ్మర్ది:

కొనేశా. చేతి ఆగర్ 6 అంగుళాలది 65, రెండు కర్రలు రీల్‌తో సహా 45, ఐస్ పిక్స్ 10, క్లీట్స్ 20, చిల్లుల గరిటె 8, టంగ్‌స్టన్ జిగ్స్ నాలుగు 18, బూట్లు బావ సైజు కంటే ఒకటి పెద్దవి 110. మూత డబ్బా 12. మొత్తం 288, అమ్మకి 250 అనే చెప్పా. మేనల్లుడికి కూడా చిన్న సైజు క్లీట్స్ పంపాలనుకున్నా, వాడి బూటు సైజు అడిగితే వాణ్ణి కూడా మంచు మీదికి పంపిస్తున్నానని అక్కకి అనుమానం వస్తుందని ఆగా.

నిన్న పెట్టె చేరింది. రాత్రి వీడియో కాల్‌లో చూస్తే బావ హాల్లో కార్పెట్ మీద కూర్చుని, లుంగీ మీదే ఐస్ పిక్స్ మెడలో వేసుకుని, ఆ రెండున్నర అడుగుల కర్ర పైకీ కిందికీ ఆడిస్తున్నారు. మేనల్లుడు చిల్లుల గరిటెతో సోఫా కింద మంచు తీస్తున్నాడు. 1-10-1 గురించి చెప్పా, అక్క రెండుసార్లు అడిగి మరీ రాసుకుని ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. హీటర్ అలారం తనే ఆర్డర్ పెట్టిందట. "ఆ మెడలోది లేకుండా గుమ్మం దాటితే తలుపు తీయను" అని బావకి నా ముందే చెప్పింది.

అంతా బాగానే ఉంది గానీ చివర్లో ఆ మూత డబ్బా చేత్తో పట్టుకుని, "దీని మీద ఎర అని రాశావేంట్రా, ఎర్రగడ్డలు వేసుకోడానికా?" అంది. నేను సిగ్నల్ సరిగ్గా లేదని చెప్పి ఫోన్ పెట్టేశా.